217వ కార్డు మీది ముఖం

సంతకం పెట్టనని ఎమిల్ గ్రెస్కో నాకు చెప్పడం అది పన్నెండోసారి. ఏటా ఒకసారి అడుగుతాను, ఏటా తల అడ్డంగా ఊపుతాడు. 1954లో బ్లూజే బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన బేస్‌బాల్ కార్డులు మొత్తం రెండు వందల అరవై నాలుగు. వాటిలో రెండు వందల అరవై మూడింటి మీద ఆయా ఆటగాళ్ళ చేతే సంతకాలు పెట్టించాను. పంతొమ్మిదేళ్ళు పట్టింది. కొందరి కోసం రైళ్ళెక్కాను, ఒకాయన కోసం పిలవని పెళ్ళికి వెళ్ళి భోజనం కూడా చేశాను, ఇంకొకాయన చేత ఆసుపత్రి మంచం మీద పెట్టించాను. ఆయన భార్య నన్ను నర్సనుకుంది. మిగిలింది ఒక్కటే, 217. ఆ కార్డు తాలూకు ఆటగాడేమో ఇక్కడే, హేజల్టన్‌లో, మా వీధి చివర క్షౌరశాల నడుపుతున్నాడు. ఒళ్ళు మండదా మరి?

“ఆ బొమ్మ నాది కాదు ఫ్రీడా,” అన్నాడు, ఎవరిదో తల గొరుగుతూ. “నేను ఎడమచేత్తో బంతి విసిరేవాణ్ణి. అలాంటివాడు గ్లవ్ కుడిచేతికి తొడుక్కుంటాడు. వీణ్ణి చూడు, ఎడమచేతికి తొడిగాడు. పైగా వాడి గడ్డానికి సొట్ట ఉంది. నాకుందా సొట్ట?”

“కింద అచ్చేసిన పేరు నీదేగా?”

“పేరు నాది, మూతి వాడిది. అదేం కార్డు?”

ఊళ్ళో వాళ్ళు కూడా తక్కువవాళ్ళు కారు. ఎవడో ఆ కార్డొకటి తెచ్చి అతని అద్దానికే అంటించాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ, “ఎమిల్, వయసులో ఉన్నప్పుడు ఎంత బాగుండేవాడివోయ్! ఏమైంది నీకు?” అని అడగడం, మిగతావాళ్ళు విరగబడి నవ్వడం మామూలైపోయింది. ఎమిల్ పెద్ద లీగులో ఆడింది పదకొండు మ్యాచ్‌లు. తర్వాత భుజం పట్టేసింది, ఇంటికొచ్చేశాడు. అచ్చయిన కార్డు అదొక్కటే, దాని మీద కూడా ఇంకొకడి ముఖం. అతని బాధ నాకు అర్థం కాకపోలేదు. కాకపోతే నా సెట్టు బాధ నాకుంది.

“ఇంతకీ వాడెవడు?” అని అడిగాను. ఇన్నేళ్ళలో ఆ మాట అడగాలని నాకెందుకు తోచలేదో తెలియదు.

“వెండెల్ టాకెట్. ఫ్లోరిడాలో శిక్షణకి వెళ్ళినప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. కార్డుల కోసం మా ఫోటోలు తీసిన ఫోటోగ్రాఫర్ చేసిన పొరపాటు వాడికి తెలుసు, తెలిసి ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. వాణ్ణి వచ్చి నా ఎదురుగా నిలబడి ‘ఈ ముఖం నాది’ అని ఒప్పుకోమను. మరుక్షణం సంతకం పెడతాను.”

“మాటేనా?”

“మాటే.”

నాలుగు టెలిఫోన్ పుస్తకాలు వెతికి, కనబడిన ప్రతి టాకెట్‌కీ ఉత్తరం రాశాను. మొత్తం ఇరవై మూడు. ఒక టాకెట్ తనకు బేస్‌బాల్ రాదు గానీ భార్య కూడా లేదని జవాబిచ్చాడు. ఇంకొకావిడ తన మొగుడి జోలికి రావద్దని రెండు పేజీల నిండా హెచ్చరించింది. తలప్రాణం తోకకొచ్చాక, ఎల్మైరా అనే ఊరి నుంచి చిన్న పోస్టుకార్డు వచ్చింది. వెండెల్ అక్కడ బడి బస్సు నడుపుతున్నాడని తర్వాత తెలిసింది. “అవును, నేనే. ఎప్పుడు రమ్మంటారు?” అంతే రాశాడు.

ఏప్రిల్‌లో అగ్నిమాపక దళం వాళ్ళ హాలులో మా కార్డుల సంత జరుగుతుంది. ఆ శనివారానికి రమ్మన్నాను. ఎమిల్‌ని నా బల్ల పక్కనే కూర్చోబెట్టి, కదలకుండా చేతిలో బంగాళాదుంప కూరి ఉడికించిన పిరోగీల పళ్ళెం పెట్టాను. పదకొండింటికి వెండెల్ వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, జుట్టు ఊడింది, పెళ్ళికొచ్చినట్టు టై కట్టుకున్నాడు. గడ్డం మీద సొట్ట మాత్రం అలాగే ఉంది.

“జుట్టంతా ఏమైందిరా?” అన్నాడు ఎమిల్, లేవకుండానే.

“నువ్వు క్షౌరం చేస్తావని తెలిస్తే ఉంచుకునేవాణ్ణి.”

“వేళాకోళాలు తర్వాత. ముప్పై మూడేళ్ళుగా ఈ ఊరంతా నన్ను నీ మూతి చూపించి ఏడిపిస్తోంది. ఆ ఫోటోగ్రాఫర్‌గాడు పొరపాటు చేశాడని నీకు తెలుసా, తెలియదా?”

వెండెల్ టై సర్దుకున్నాడు. “పొరపాటు కాదురా.”

“ఏంటీ?”

“నువ్వు ఆ పొద్దున పన్ను పీకించుకోడానికి పోయావు. ఫోటోగ్రాఫర్ వచ్చి ‘గ్రెస్కో!’ అని కేకేశాడు. నేనే లేచి నిలబడ్డాను.”

“కావాలనా?”

“కావాలనే. నన్ను చిన్న లీగుకి తిప్పి పంపేస్తున్నామని మేనేజరు అంతకు ముందే చెప్పేశాడు. అప్పుడు కార్డు ఫోటో దిగకపోతే ఇంకెప్పటికీ దిగనని తెలుసు. గమ్ పొట్లంలో నా బొమ్మ వస్తుందని మా అమ్మకి చిన్నప్పుడే చెప్పాను.”

ఎమిల్ పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. వెండెల్‌ని కొడతాడేమోనని నేను నా కార్డుల పెట్టె దగ్గరికి లాక్కున్నాను.

“మరి కింద నా పేరు చూసి మీ అమ్మ ఏమంది?”

“ఏమంటుంది? దెబ్బలకి వేసే పట్టీ ముక్క ఒకటి నీ పేరు మీద అంటించి, ఫ్రేము కట్టించింది. చచ్చేదాకా వచ్చినవాళ్ళందరికీ చూపించింది.”

ఎమిల్ కుర్చీ కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు. “ఒరేయ్, మా అమ్మ నీ మూతి మీద నా బడి ఫోటో కత్తిరించి అంటించిందిరా! చెవులు కూడా సరిగ్గా పట్టలేదు!” వెండెల్ కూడా నవ్వాడు. ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఒకటే నవ్వు. పక్క బల్లల వాళ్ళు బేరాలు ఆపి చూశారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒప్పుకోవడం అయిపోయింది కదా, ఇక నా పని కావాలి. కార్డు ఎమిల్ ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చాను.

అతను కార్డుని చూశాడు, వెండెల్‌ని చూశాడు. పెన్ను వెండెల్ చేతికిచ్చాడు.

“ఎమిల్!” అన్నాను. “మాటిచ్చావు!”

“ఇచ్చాను. తప్పుతున్నాను. నేను పదకొండు మ్యాచ్‌లు ఆడాను ఫ్రీడా, అవి లెక్కల పుస్తకాల్లో ఎక్కాయి, ఎవడూ చెరపలేడు. వీడికున్నది ఇదొక్కటే. ఇది వీడి కార్డు.”

పెద్ద లీగులో ఒక్క బంతి కూడా విసరని మనిషి సంతకం పడితే, నా పంతొమ్మిదేళ్ళ సెట్టు ఎప్పటికీ పూర్తి కాదు. ఏ సంతలోనైనా నన్ను చూసి నవ్వుతారు. అంత పదునైన మూలలున్న 217 నాకు మళ్ళీ దొరకదు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

“వద్దండీ,” అన్నాడు వెండెల్. “మీ కార్డు పాడవుతుంది.” పెన్ను బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అయినా కళ్ళు మాత్రం ఆ కార్డు మీదే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కుర్రాడి బొమ్మ అది, ఎడమచేతికి గ్లవ్, దొంగతనం దొరకలేదన్న సంతోషం ముఖం నిండా.

నేను ప్లాస్టిక్ తొడుగులోంచి కార్డు బయటికి తీశాను.

“పెట్టండి,” అన్నాను, కసురుతున్నట్టే. “నేను మనసు మార్చుకునేలోపు పెట్టండి.”

అతను ఒంగాడు. బస్సు కాగితాల మీద తప్ప అతన్ని సంతకం అడిగినవాళ్ళెవరూ ఉండి ఉండరు. పెన్ను కార్డుకి ఆనించాడు, ఆగాడు, తలెత్తి ఎమిల్‌ని అడిగాడు.

“ఎవరి పేరు రాయను?”

“నీదే రాయరా వెధవా,” అన్నాడు ఎమిల్. అంటూనే చెయ్యి చాపి, కార్డు అడుగున అచ్చయిన తన పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు.