అప్పగింతల కాడ ఆగిన పెండ్లి

మాంసం ముక్కల దగ్గర అలకలొచ్చి ఆగిన పెళ్ళిళ్ళు చూశాను. బ్యాండువాళ్ళు రాలేదని ఆగినవీ చూశాను. అలాంటివన్నీ కత్తిరించి, అతికించి, పాట పెట్టి, పైనుంచి పూలు కురిపించి, ఏ గొడవా జరగనట్టు డీవీడీలో పెట్టి చేతికిచ్చిన దాన్ని నేను. అటువంటి నన్ను మంజుల పెళ్ళి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఎన్నిసార్లు పెట్టినా అప్పగింతల దగ్గరికి రాగానే ఆగిపోయేది.

నా పేరు అఫ్రీన్. జనగామలో మాదొక చిన్న స్టూడియో. మా అన్న ఒవైస్ కెమెరా పట్టుకుంటాడు, నేను మిక్సింగ్ చేస్తాను. మిక్సింగ్ అయ్యాక ఎన్‌కోడింగ్ అని ఒకటుంటుంది. నేను అతికించిన పెళ్ళినంతా కంప్యూటర్ మెత్తగా నమిలి, డీవీడీలో పట్టేంత ముద్ద చేస్తుంది. అది నమిలినంతసేపూ తెర మీద ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంది. గీత చివరిదాకా పోతే మనం గెలిచినట్టు. మంజుల పెళ్ళిలో మాత్రం ఆ గీత ఎదురుకోళ్ళు దాటేది, జీలకర్ర బెల్లం దాటేది, తలంబ్రాలు దాటేది, అప్పగింతల దగ్గర సాఫ్ట్‌వేర్ గుటుక్కుమనేది. ఆపైన ఒక డబ్బా తెరుచుకుని, జరిగింది కంపెనీకి తెలియజేయమంటారా అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగేది. ఇక్కడ నెట్టే లేదు, దానికి మర్యాదొకటి!

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. బొగ్గు బావులు బంద్. బొగ్గు లేకపోయేసరికి కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చినప్పుడు పోయేది. పక్క టీకొట్టు వాల్యా అన్న జనరేటరు నుంచి మాకొక వైరు లాక్కున్నాం. ఆయన పాలు కాచుకుంటాడు, మేం పెళ్ళిళ్ళు కాచుకుంటాం.

మంజుల తండ్రి ఓదెలు కూడా ఆ సమ్మెలోనే ఉన్నాడు. ఆయనది భూపాలపల్లి, బొగ్గు బావిలో పని. రైల్‌రోకోకు పిలుపు వచ్చింది. భూపాలపల్లికి రైలే లేదు, ఇక రోకో ఎక్కడిది! మనిషి ఊరుకుంటాడా? కూతురి పెళ్ళి దగ్గర పడ్డాక, పందిరి గుంజలు పాతుతుంటే, “జరసేపు పట్టాల మీద కూసోని పొద్దుగూకే వరకు వస్త” అని భార్య లచ్చమ్మకు చెప్పి, దొరికిన జీపెక్కి మహబూబాబాద్ పోయాడు. పోలీసులు ఆయనను పట్టాల మీద నుంచి లేపి వ్యానులో కూర్చోబెట్టారు. అటు నుంచి అటే జైలుకు. ముహూర్తం ఆగదు కదా, తండ్రి లేకుండానే పెళ్ళి జరిగిపోయింది.

పెళ్ళికొడుకు జీవన్‌ది జనగామే, ఎరువుల దుకాణంలో పని. అందుకే వీడియో మాకు దక్కింది. ఒకరోజు పొద్దున్నే స్టూడియోకు పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, మామకు బెయిలొచ్చింది. మధ్యాహ్నం వరకు సక్కగ మా ఇంటికే వస్తడు. బిడ్డ పెండ్లి చూస్తనని ఒక్కటే పాట. డీవీడీ అయిందా?”

“అప్పగింతల కాడ ఆగుతున్నది జీవన్.”

“గదే ముఖ్యమక్కా! మంజుల ఆయన ఫోనెత్తుతలేదు. పెండ్లి కంటె రైలే ఎక్కువైందా అన్నది. అప్పగింతలల్ల నువ్వు వెట్టిన ఆయన ఫోటో చూస్తెనన్న మామ మనసు జర నిమ్మలమైతదని నా ఆశ.”

ఆ ఫోటో గురించి చెప్పాలి. మా దగ్గర పెళ్ళికి రాలేకపోయిన పెద్దవాళ్ళను వీడియోలో ఒక మూల పెట్టి, చేతి కింద నుంచి పూలు రాలుస్తాం. దుబాయిలో ఉన్న మేనమామలు, మంచాన పడ్డ తాతలు, అందరూ అట్లా వచ్చి దీవించి పోతారు. ఓదెలు ఇంట్లో ఉన్నదల్లా బావి ఐడీ కార్డు ఫోటో, దాంట్లో ఆయనను ఆయనే గుర్తుపట్టడు. సమ్మెకు మద్దతుగా కుర్రాళ్ళు భూపాలపల్లి చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీలో మాత్రం కత్తిలా ఉన్నాడు. పిడికిలెత్తి, నోరు తెరిచి నినాదమిస్తున్నాడు. ఫ్లెక్సీ కొట్టిన దుకాణం నుంచి ఆ ఫోటోను జీవన్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, “పీటల పక్కన ఎడమ మూలకు ఏందో సామానున్నది, చూడనీకి బాగ కొడ్తలేదు. దాని మీద పెట్టు అక్కా” అన్నాడు. పెట్టాను. మామ పిడికిలెత్తి అల్లుడిని దీవిస్తుంటే, పిడికిలి కింద నుంచి గులాబీలు రాలుతున్నాయి. చూసినప్పుడల్లా నాకు నవ్వు ఆగేది కాదు.

జీవన్ ఇంటికి పోయాడు. నేను కొంగు నడుముకు చుట్టాను.

“వేడెక్కింది ఆపా అంటున్న గద ఆ పెట్టె” అన్నాడు ఒవైస్ భాయ్. నేను తనకంటే చిన్నదాన్నే అయినా ఎగతాళికి ఆపా, అంటే అక్క, అంటాడు. సరే, కంప్యూటర్ పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను పెట్టాను. అప్పగింతల దగ్గర చల్లగా చచ్చింది.

“టేపు ఖరాబైందేమో భాయ్, నువ్వు ఆడ కెమెరా కింద పడేసినవా?”

“నా కెమెరా మాటెత్తకు!”

టేపును మళ్ళీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అదే కథ. వైరస్ అన్నాడు, వెతికాను. దిష్టి అన్నాడు. నిమ్మకాయ తెస్తానంటూ పోయి టీ తాగి వచ్చాడు. నాకు తిక్క రేగింది. కీబోర్డును టేబుల్ మీద ఒక్కటేశాను. దాంతో ఒక మీట ఊడి కింద పడింది, అది వెతకడం అదనపు పని.

చివరికి పెళ్ళిని నడిమికి రెండు ముక్కలు చేశాను. మొదటి ముక్క సాఫీగా పోయింది. రెండోదాన్ని మళ్ళీ కోశాను. కోసి కోసి ఒక్క అప్పగింతల ముక్క మిగిల్చాను. అది ఒంటరిగా కూడా చచ్చింది. అంటే జబ్బు అక్కడే ఉంది. ఇక దాని మీద పరిచిన పొరలు ఒక్కొక్కటే తీయాలి. ముందు పాట తీశాను, చచ్చింది. పూలు తీశాను, చచ్చింది. ఓదెలు ఫోటో మీద చేయి పెట్టాను కానీ తీయబుద్ధి కాలేదు. ఆ మనిషి వస్తున్నదే దాని కోసమాయె. పైగా ఫోటో అంటే కదలదు మెదలదు, అది ఏం చేస్తుంది పాపం అనుకున్నాను.

అంతలో బయట ఆటో ఆగింది. జీవన్, వెనుక మంజుల, ఆమెకు నాలుగడుగుల వెనుక ఓదెలు దిగారు. ఫ్లెక్సీలో చూసి మనిషి ఆరడుగులుంటాడనుకున్నాను. సన్నగా, మాసిన గడ్డంతో, ఎవరికీ అడ్డం రాకూడదన్నట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మంజుల వచ్చి స్టూల్ మీద మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

“ఇంటికాడ ఆగుమంటె ఇనలే అక్కా” అన్నాడు జీవన్. “కానిది కాకపాయె, ఎంతైతె గంతే చూస్తనన్నడు.”

“కూసో కాకా” అని కుర్చీ జరిపాను. “మీ బాయి బంద్ పెడితిరి, మా కరెంటు పాయె. ఉన్న కరెంటుతోని నీ బిడ్డ పెండ్లి అయితలేదు. అంత నీ పుణ్యమే!”

ఓదెలు నవ్వాడు. “తెలంగాణ రానియ్యి బిడ్డా, కరెంటుతోని తానం జేద్దువు గని” అన్నాడు. మంజుల మొహంలో నవ్వు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది.

తెర మీద చూడ్డానికి అడ్డేం లేదు, ఎన్‌కోడింగే కావడం లేదు. తీసిన పాటా పూలూ మళ్ళీ పెట్టి అప్పగింతలు నడిపించాను. లచ్చమ్మ ఒక్కతే పళ్ళెంలోని పాలలో కూతురి చేతులు ముంచి వియ్యంకుల చేతుల్లో పెడుతోంది. పక్కన మూలలో ఓదెలు పిడికిలెత్తి పూలు రాలుస్తున్నాడు. నేను మామూలుగా అయితే నవ్వేదాన్నే, అప్పుడు నవ్వు రాలేదు. ఆయన ముందుకు వంగి తెర మూలకు వేలు చూపించాడు.

“గీయన ఎవలు?” అన్నాడు.

“నువ్వే మామా!” అన్నాడు జీవన్ సంబరంగా.

“నేనాడ లేను గద కొడుకా. లేనోన్ని ఉన్నట్టెందుకు వెట్టిండ్రు? నా బిడ్డకు తెలువదా నేను రాలేదని? తీసెయ్యి బిడ్డా. ఎవలెవలు ఉన్నరో గా వాళ్ళనే చూస్త.”

జీవన్ మొహం చిన్నబోయింది. నేను మీట నొక్కాను. ఫోటో, దాంతోపాటు పూలూ మాయమయ్యాయి.

దాని కింద, పీట మీద, లచ్చమ్మ పక్కన ఒక బావి టోపీ ఉంది. బొగ్గులోకి దిగేటప్పుడు తలకు పెట్టుకునే గట్టి టోపీ. ఒకపక్క సొట్ట పడింది. ముందు భాగంలో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చుట్టూ బంతిపూల దండ వేశారు. నేను మిక్సింగ్‌లో పెద్దగా పట్టించుకోని సామాను అదే.

మంజుల చటుక్కున లేచి నిలబడింది. “నా టోపీ మీద ఫ్లెక్సీ గట్టినవా?” అని మొగుడి మీదికి పోయింది.

“నాకేమెరుక? పీటల మీద నేను తలెత్తి చూసిననా! బాగ కొడ్తలేదని…”

“బాగ కొట్టుడేంది! బాపు జాగల చిన్నాయినను కూసోమంటె, నేనే వద్దన్న. పంతులు వద్దన్నా ఇనలే. బాపు టోపీ కూసుంటెనే నేను పీటలెక్కుత అన్న.”

తెర మీద మంజుల అప్పగింతలయ్యాక అత్తామామల కాళ్ళు మొక్కింది, తల్లి కాళ్ళు మొక్కింది. తర్వాత పీట దగ్గర మోకాళ్ళ మీద వంగి, టోపీకి నుదురు ఆనించి అట్లాగే ఉండిపోయింది. ఇన్నిసార్లు కోసీ అతికించీ, ఎవరికో మొక్కుతోందిలే అనుకున్నాను నేను. లచ్చమ్మ వచ్చి లేపితే గానీ లేవలేదు. లేచేసరికి నుదుటికి పసుపంటింది.

ఓదెలు కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నాడు. మంజుల అప్పుడు ఆయన వైపు తిరిగింది.

“కోపమైతె ఉన్నది బాపూ. లేదని నేనంట లేను. ఇప్పటికీ ఉన్నది.”

“ఉండనియ్యి బిడ్డా” అన్నాడు ఓదెలు, ఏడుస్తూ. “ఉండనియ్యి.”

నా కళ్ళు కూడా మసకబారాయి. అది కనపడకుండా ఉండాలని ఎన్‌కోడింగ్ మీట నొక్కి తెర మీద పడ్డాను. నీలం గీత కదిలింది. ఇంతసేపూ చచ్చిన చోటుకు వచ్చింది, ఒక్క క్షణం తటపటాయించకుండా దాటి చివరిదాకా పోయింది.

నేను నోరు తెరిచాను. అంటే ఇంతసేపూ నా కొంప ముంచింది ఫోటోనా! పెన్‌డ్రైవ్ తెరిచి దాని సైజు చూశాను, తల గిర్రున తిరిగింది. జీవన్ తెచ్చింది ఉత్త ఫోటో కాదు, చౌరస్తాలో కట్టిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ మొత్తం. నేను ఒక ముక్కే కనిపించేలా పెట్టాను కానీ, వెనక మిగతాదంతా అట్లాగే ఉంది. తెర మీద చూపించేటప్పుడు చిన్నది చేసి చూపిస్తుంది కాబట్టి తెలియలేదు. ఎన్‌కోడింగ్‌లో మాత్రం మా ముసలి కంప్యూటర్ ఇరవై అడుగుల ఓదెలును ఎత్తి మోయాలి. మోయలేక నడుం విరిగి పడుతోంది.

“ఇరవై అడుగులా?” ఓదెలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. “నన్ను ఎత్తుటానికి పోలీసోళ్ళే నలుగురు పట్టిండ్రు, గీ డబ్బా ఏం మోస్తది బిడ్డా!”

“ఇప్పుడు కారణం దొరికింది గద అక్కా, చిన్నగ జేసి మళ్ళ పెడ్తవా?” అన్నాడు జీవన్, ఇంకా ఆశ చావక. మంజుల చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

ఇక ముక్కలన్నీ కలిపి డీవీడీ రాద్దామని ఖాళీది తీస్తున్నాను. “జర ఆగు బిడ్డా” అన్నాడు ఓదెలు. “పక్కపొంటి కొట్టుల పాలు దొరుకుతయా?”

టీ కావాలేమో అనుకుని, “చాయ్ చెప్తా కాకా” అన్నాను.

“చాయ్ కాదు. ఉత్త పాలు. పచ్చివి.”

నాకంటే ముందు ఒవైస్ భాయ్‌కి అర్థమైంది. వాల్యా అన్న దగ్గర నుంచి గిన్నెలో పాలు తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఎవరూ చెప్పకుండానే కెమెరా తీసి భుజానికెత్తాడు. ఓదెలు లేచి, చేతులు కడుక్కుని, కూతురి రెండు చేతులూ పట్టుకుని పాలలో ముంచాడు. జీవన్ చేతుల్లో పెట్టాడు.

“నా బిడ్డ పైలం కొడుకా” అన్నాడు. అంతే.

జీవన్ తలూపాడు. వాడూ ఏడుస్తున్నాడు.

ఆ ముక్కను మంజుల టోపీకి మొక్కిన తర్వాత అతికించాను. పాట పెట్టలేదు, పూలు చల్లలేదు, నా జన్మలో మొదటిసారి. ముక్కలన్నీ కలిపి, మళ్ళీ మొదటి నుంచి ఎన్‌కోడింగ్ పెట్టాను. నీలం గీత పాకుతూ పాకుతూ అప్పగింతల దగ్గరికి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. దాటింది.

“దాటింది!” అని కేక పెట్టాను.

ఒవైస్ భాయ్ ఒక్కడే తెర వైపు చూశాడు. మంజుల తండ్రి వేళ్ళకు అంటిన పాలను తన కొంగుతో తుడుస్తోంది.