మా బావ అరచేతి రంగు

మా అక్క మొగుడు రంగుల దుకాణంలో రంగులు కలిపేవాడు. ఎవరైనా గోడ పెచ్చు పట్టుకొచ్చి ఇదే రంగు కావాలంటే చాలు, డబ్బాలో కర్ర తిప్పి, ఒక చుక్క తీసి అరచేతిలో రాసుకుని, తల వాల్చి చూసేవాడు. "ఇంకాస్త పసుపు అడుగుతోంది" అనేవాడు. ఓసారి పిల్లి రంగు కలిపి ఒక గోడకి వేయిస్తే, వీధి కుక్కలన్నీ గోడ మీదకి ఎగబడ్డాయి. నమ్మకపోతే ఆ కుక్కల్నే అడగండి.

అలాంటి మా బావ ఒకనాడు డబ్బా మీది సన్న అక్షరాలు చదవలేక తడుముకున్నాడు. యజమాని చూడనే చూశాడు.

"పెద్దాయనా, రంగులు కలిపే మిషన్లొచ్చాయి. కళ్ళు ఆనకపోతే చెప్పండి, ఒకటి తెప్పిస్తాను. మీరు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

మెత్తగానే అన్నాడు గాని, ఆ పూట మా బావకి ముద్ద దిగలేదు. రంగు డబ్బాల మధ్య నుంచి ఆయన్ని లాగేస్తే ఇక మిగిలేదేమిటి?

మా అక్క నడుం బిగించింది. కళ్ళకి కారెట్ మంచిదట. పొద్దున రసం, మధ్యాహ్నం కూర, సాయంత్రం పచ్చి కారెట్లు. నూనె తోడైతేనే అందులోని సత్తువ ఒంటికి పడుతుందని ఎవరో చెబితే, వాటికి నూనెలో ఈత నేర్పించింది.

"అక్కా, బావకి చెవులు పొడుగవుతున్నాయి, చూసుకో" అన్నాను.

"నోర్ముయ్‌రా! ఆయన కళ్ళు బాగుపడితే నీకేం ఏడుపు?"

బాగుపడటం మాట అటుంచి, అసలు తంటా అప్పుడే మొదలైంది. మీగడ రంగు అడిగినవాళ్ళకి గుడ్డు పచ్చసొన రంగు వెళ్ళింది. తెల్ల కిటికీలు కాస్తా పచ్చబడ్డాయి. చూపు ఇంకా పోతోందని హడలిపోయి మా బావ కారెట్లు రెట్టింపు చేశాడు. విటమిన్ ఏ మాత్రల సీసా కూడా కొన్నాడు. మెల్లమెల్లగా మనిషే పండబారాడు. కరెంటు పోతే మా అక్క దీపం మానేసి ఆయన్ని గుమ్మంలో కూర్చోబెట్టేది.

చివరికి ఒక డాక్టరమ్మ ఆసుపత్రిలో పెచ్చులూడిన గోడకి అతుకు రంగు వెయ్యాల్సి వచ్చింది. "ఇదీ తేడా వస్తే మిషనే" అన్నాడు యజమాని. నిచ్చెన పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. మా బావ కలిపి వేశాడు. గోడకి పసుపు నీళ్ళు చల్లినట్టుంది!

డాక్టరమ్మ వచ్చి గోడని వదిలేసి ఆయన చేతులు పట్టుకుంది. కంటి రెప్ప లాగి చూసింది.

"కళ్ళు తెల్లగానే ఉన్నాయి, కామెర్లు కావు. ఏం తింటున్నారండీ?"

"సన్న అక్షరాలు ఆనడం లేదని, కుందేళ్ళకి మిగల్చకుండా కారెట్లు తింటున్నాడమ్మా, పైన విటమిన్ ఏ మాత్రలు" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "కారెట్‌లోని రంగు కొవ్వులో కరుగుతుంది. అతిగా తింటే చర్మంలో పేరుకుంటుంది. భయం లేదు, తగ్గిస్తే కొన్ని వారాల్లో పోతుంది. విటమిన్ ఏ మాత్రలు మాత్రం నన్నడక్కుండా మింగకండి, మోతాదు మించితే కాలేయానికి చేటు. సన్న అక్షరాలకి కావలసింది కళ్ళజోడు!"

మా బావ అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఓరి నాయనో! ఈ నారింజ చేతిలో పెడితే ఏ పసుపైనా వెలవెలబోదూ? చాల్లేదు, చాల్లేదని పోస్తూ పోయానురా! బావమరిదీ, నీ చెయ్యి ఇటు తే!"

"నా చెయ్యెందుకు?"

"పుట్టి బుద్ధెరిగి పని చెయ్యలేదుగా, శుభ్రంగా ఉంటుంది."

నా అరచేతిలో చుక్క పెట్టి చూసి, మళ్ళీ కలిపి వేశాడు. ఆరాక యజమాని వచ్చి అతుకు ఎక్కడుందో తెలియక గోడంతా తడిమాడు.

"మిషను మాట తర్వాత చూద్దాంలెండి" అన్నాడు.

కళ్ళజోడు వెంటనే వచ్చినా, మా బావ చెయ్యి మామూలు రంగుకొచ్చేదాకా నేను రోజూ దుకాణంలో చెయ్యి చాచుకుని కూర్చున్నాను. మా అక్క నాకు క్యారేజీ పంపేది, పైన గట్టి హెచ్చరికతో:

"ఒరేయ్, బీట్‌రూట్ మాత్రం ముట్టుకున్నావో, చంపుతాను!"