అడగని ప్రశ్న

నేను ఒక ల్యాప్‌టాప్‌ను. ఏ దేశంలో తయారయ్యానో నా అడుగున అచ్చువేసి ఉంది. ఎవరి చేతులు బిగించాయో ఎక్కడా లేదు. నన్ను మొదట కొన్నవాడు ఒక ప్రకటనల సంస్థ మేనేజరు. 'విప్లవం' అన్న మాటను అతను రెండేళ్లపాటు సబ్బులకూ, చెప్పులకూ, ఒకసారి అప్పడాలకూ వాడాడు. తరువాత హైదరాబాదులోని ఒక వార్తల వెబ్‌సైటు నన్ను సెకండ్ హ్యాండులో కొని హైమవతి బల్ల మీద పెట్టింది.

హైమవతికి యాభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లు పనిచేసిన దినపత్రిక మూతపడ్డాక, ఏడాది ఒప్పందం మీద ఇక్కడ చేరింది. చూడనిది రాసేది కాదు. రాసినదాని కింద పేరు పెట్టడానికి జంకేది కాదు. ఆ నెలాఖరుకు ఒప్పందం ముగుస్తుంది. పొడిగించాలా వద్దా అన్నది ఒక కొత్త ఫోన్ విడుదల సభతో తేలుతుందని ఎడిటర్ గంగాధర్ ముందే చెప్పాడు.

"మనకు పెద్ద యాడ్స్ ఇచ్చే కంపెనీ, మేడమ్. లైవ్ బ్లాగ్ నీట్‌గా వెళ్లిపోవాలి. అన్నీ రెడీగా పెట్టించాను. మీరు టైముకు బటన్ నొక్కితే చాలు."

ఈ వృత్తిలోని ఆచారం నాకు అప్పుడు తెలిసింది. నిమిషనిమిషానికీ ప్రత్యక్షంగా అందించవలసిన విశేషాలు ముందురోజు సాయంత్రానికే పద్నాలుగు ముక్కలుగా నాలోకి చేరాయి. వాటిలో ఒకటి: 'ఉదయం 11:20. పెద్దావిడ అడిగిన ప్రశ్నకు ఫోన్ తడుముకోకుండా జవాబిచ్చింది. హాలు చప్పట్లతో మారుమోగింది.' ఆ చప్పట్లు కొట్టవలసిన చేతులు అప్పటికింకా తమ తమ ఇళ్లలో చారన్నం కలుపుకుంటున్నాయి. ప్రతి ముక్క కిందా ఒకే వరుస: 'ప్రత్యక్షంగా అందిస్తున్నవారు: హైమవతి.'

మర్నాడు మాదాపూర్‌లోని సభామందిరంలో ఆమె ఒళ్లో ఉన్నాను. మొదటి తొమ్మిది ముక్కలను ఆమె వేదికతో సరిచూసుకుని, సరిపోయాకే నొక్కింది. పదకొండూ ఇరవైకి నల్ల టీషర్టు తొడుక్కున్న కంపెనీ అధికారి ఒక పెద్దావిడను వేదిక మీదికి తెచ్చాడు. మందుల వేళ ఎప్పుడని ఆమె తెలుగులో అడగాలి, ఫోన్ తెలుగులో చెప్పాలి. ఆ దీపాల కాంతికి పెద్దావిడ అడగవలసినది మరిచిపోయి నిలబడిపోయింది.

ఫోన్ మాత్రం ఏమీ మరిచిపోలేదు. "బీపీ మాత్ర రాత్రి ఎనిమిదింటికి, అమ్మమ్మా," అంది.

"నేనింకా ఏమీ అడగలేదు గదయ్యా," అంది పెద్దావిడ, మైకులోనే.

అధికారి సభికుల వైపు తిరిగాడు. "చూశారా? అడగకముందే గ్రహించింది."

హాలు చప్పట్లతో మారుమోగింది, ముందురోజు రాసిపెట్టినట్టే.

హైమవతి వేలు బటన్ మీద ఆగింది. పక్క కుర్చీలోని వేరే సైటు విలేఖరి అప్పటికే తనది పంపేశాడు.

"నొక్కేయండి మేడమ్. చప్పట్లు కొట్టారు కదా, తప్పేముంది?"

"చప్పట్లు నిజమే బాబూ. ప్రశ్నే లేదు."

ఆ ముక్కను చెరిపేసి ఆమె మూడు వాక్యాలు టైపు చేసింది: 'పెద్దావిడ ప్రశ్న అడగలేదు. ఫోన్ జవాబు చెప్పింది. సభికులు చప్పట్లు కొట్టారు.' వెంటనే ప్రచురించింది. రెండు నిమిషాలకు గంగాధర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, అది తీసేసి మనం రాసుకున్నది పెట్టండి."

"మీరే పెట్టుకోండి గంగాధర్ గారూ. నా పేరు తీసేయండి."

"పేరు తీసేస్తే మరి ఒప్పందం..."

"అదీ తీసేయండి."

ఆరు నిమిషాలు బతికిన ఆ మూడు వాక్యాల చోటికి ముందురోజు సాయంత్రం రాసిపెట్టిన ముక్కే తిరిగి వచ్చింది. హైమవతి నన్ను పైటచెంగుతో తుడిచి, ఛార్జర్ తీగను పొందిగ్గా చుట్టి ఎడిటర్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆఫీసువాళ్లు పేరు తీశారు గాని వరుస తీయడం మరిచారు. ఆ పేజీలో నేటికీ 'ప్రత్యక్షంగా అందిస్తున్నవారు:' అని ఉంటుంది. ఆ తరువాత ఎవరూ ఉండరు.

నిరుడు నా బ్యాటరీ ఉబ్బింది. నాలో ఉన్నదాన్ని చెరిపే ఓపిక ఎవరికీ లేక, తెగిన తీగలున్న అట్టపెట్టెలో పడేశారు. ఆ మూడు వాక్యాలు నాతోనే ఉన్నాయి. ఇదంతా చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడగకముందే చెప్పడం గొప్ప గుణమని ఆ సభలోనే విన్నాను.