పళ్ల డాక్టరమ్మ కొత్త కొలువు

యాభై దాటాక పళ్ల డాక్టరమ్మకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ప్రాణానికేమీ ఢోకా లేదుగానీ ఇక డ్రిల్లు పట్టుకోవద్దన్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపి, క్లినిక్కును తమ్ముడి కోడలికి అప్పగించి, ఇంటికొచ్చి అలమరాలు సర్దింది. సర్దినవాటినే మళ్లీ సర్దుతూంటే భర్తకు భయం వేసింది.

అలమరాలయ్యాక ఆవిడ కౌన్సెలింగ్ కోర్సులో చేరింది.

"ఇన్నాళ్లూ జనం చేత నోరు తెరిపించావు. ఇప్పుడూ అదేగా పని," అన్నాడు భర్త.

"అప్పుడు తెరిచినా మాట్లాడలేకపోయేవాళ్లు. మాటలన్నీ నావే," అందావిడ.

చిక్కంతా అక్కడే వచ్చింది. క్లాసులో తోటి విద్యార్థిని తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టగానే డాక్టరమ్మ గబగబా ఉపాయాలు చెప్పేసింది. ఆ పిల్ల చెప్పడం మధ్యలోనే ఆపేసింది. పాఠం చెప్పే మేడమ్‌ది ఆవిడ కూతురి వయసు.

"అమ్మా, మీరు బాధను కూడా పన్నులాగే పీకేద్దామని చూస్తున్నారు. కాసేపు ఉండనివ్వండి," అంది.

కోర్సు పూర్తయ్యాక డాక్టరమ్మ ఒక బట్టల దుకాణం పైన గది అద్దెకు తీసుకుంది. రెండు కుర్చీలు, ఒక కర్టెను, టిష్యూల డబ్బా. కింద నుంచి కుట్టుమిషన్ల చప్పుడు. మొదట వచ్చినాయన పన్నునొప్పితో వచ్చాడు. ఆయన్ను తమ్ముడి కోడలి దగ్గరకు పంపించింది. రెండో ఆయన వీధి చివర సెలూన్ నడిపే పెద్దమనిషి.

ఆయన కూర్చోవడంతోనే డాక్టరమ్మ ముఖంలోకి చూశాడు.

"ఏంటి డాక్టరమ్మా, అలిసిపోయినట్టున్నారు?"

"అబ్బే, ఏం లేదండీ."

"చెప్పండి, పర్లేదు. మన మధ్యే ఉంటుంది."

గంట గడిచేసరికి ఆయనకు ఆవిడ చెయ్యి సంగతి, క్లినిక్కు సంగతి, అలమరాల సంగతి తెలిసిపోయాయి. "దిగులు పెట్టుకోకండి," అని ధైర్యం చెప్పి, ఫీజు ఇచ్చి మరీ వెళ్లాడు.

డాక్టరమ్మ మేడమ్‌కు ఫోన్ చేసింది. మేడమ్ చాలాసేపు నవ్వింది.

"ఇంతకీ ఆయనెందుకొచ్చాడో అడిగారా?"

"సందివ్వలేదమ్మా."

మరుసటి వారం ఆయన మళ్లీ వచ్చాడు.

"చెయ్యెలా ఉంది?"

"అలాగే ఉందండీ. మీ సంగతి చెప్పండి."

ఆయన కర్టెను బాగుందన్నాడు. ఎండలు ముదిరాయన్నాడు. డాక్టరమ్మ దేనికీ బదులివ్వలేదు. నాలుక దురద పెట్టినా ఊరుకుంది. ఆయన చెప్పులకేసి చూసుకున్నాడు.

"మావాడు వేరే షాపులో కటింగ్ చేయించుకొచ్చాడండీ," అన్నాడు చివరికి.

"మీరేమన్నారు?"

"చెవుల దగ్గర సరిగ్గా కొట్టలేదన్నాను." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "అప్పట్నుంచీ మాట్లాడట్లేదు."

డాక్టరమ్మకు ఉపాయాలు వరసగా తోచాయి. అన్నింటినీ మింగేసి, టిష్యూల డబ్బా ఆయన వైపు జరిపింది. ఆయన ఒకటి తీసుకుని మడతపెట్టి, మళ్లీ విప్పి, ముక్కు చీదుకున్నాడు. ఆ గంటలో ఇద్దరూ ఇంకేమీ పెద్దగా మాట్లాడలేదు. ఆయన వెళ్లాక, ఏ పనీ చేయకుండా ఫీజు పుచ్చుకున్నట్టు ఆవిడకు సిగ్గేసింది.

ఆ తర్వాతి వారం ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"నేనే పలకరించానండీ. 'నీ కుర్చీలో కూర్చున్నవాళ్లందరి కష్టాలూ నీకు తెలుసు. నేను కాలేజీలో ఏం చదువుతున్నానో తెలుసా నాన్నా?' అన్నాడు."

"తెలుసా మరి?"

"సైన్సనుకున్నాను. లెక్కలట."

డాక్టరమ్మ ముఖం మామూలుగానే ఉంచుకుంది. "తర్వాత?"

"ఏం లెక్కలో చెప్పరా అన్నాను. కూర్చోబెట్టి చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"ఎలా అనిపించింది?"

ఆయన ఆలోచించి, కుర్చీలో కూర్చున్నాడు.

"బాగుందండీ. కటింగ్ మాత్రం అక్కడే చేయించుకుంటాడట."