కడిగేకొద్దీ

మా ఆయన పాల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగించే మేస్త్రి. అక్కడ అందరూ ఆయన్ని తళతళ అని పిలుస్తారు. ఆయన కడిగించిన ట్యాంకులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా దిండు చంకన పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళి పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే, గురక పెడుతున్నాను, నీ నిద్ర పాడవుతోంది అన్నారు. పెళ్ళయిన నాటి నుంచీ పెడుతున్న గురకే అది. ఇప్పుడు కొత్తగా నా నిద్ర మీద జాలి ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు అర్థం కాలేదు.

తర్వాత తన లోబట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టారు. తువ్వాలు వేరు చేసుకున్నారు. స్నానాలగదిలో దూరితే ఓ పట్టాన బయటికి రారు, వచ్చాక ఇల్లంతా ఆస్పత్రిలా ఘాటైన మందు వాసన. శనివారం పొద్దున కాఫీ తాగుతూ తాపీగా కబురు చెప్పారు.

"వేరే ఊళ్ళో కొత్త ప్లాంటు పెడుతున్నారు. మనిషి కావాలంటే నేను వెళ్తానన్నాను. సోమవారం ప్రయాణం. ఏడాది పట్టొచ్చు."

"మరి నేను?"

"నువ్వెందుకు అక్కడ ఇబ్బంది పడటం. ఇక్కడే ఉండు."

మా అక్కకి ఫోన్ చేశాను. అది ఆరితేరిన మనిషి. "ఇంకేముందే, ఎవరో ఉన్నారు" అని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు నేను. సంగతేమిటో తేలేదాకా ఈ మనిషి గడప దాటడు అని మనసులో గట్టిగా అనుకుని, సర్దిపెట్టిన ఆయన సంచీ తెరిచాను.

రెండు చొక్కాలు, ఒక ప్యాంటు. వాటి కింద ఫ్యాక్టరీలో మిషన్లు కడిగే మందు డబ్బా ఒకటి. మూత తీసి వాసన చూశాను, స్నానాలగదిలోంచి వచ్చేదే. ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్ళే మగాడు సెంటు సీసా పెట్టుకుంటాడు గానీ ఇది పెట్టుకోడు. అక్క లెక్క తప్పింది. నా కోపం కొంచెం దిగి, దాని చోట భయం మొదలైంది.

స్నానాలగది తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసుకోబోయారు. నేను కాలు అడ్డం పెట్టాను.

"నిజం చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి లేవను."

తలుపు వదిలేసి నోరు విప్పారు. "బాగోలేదు. చెప్పుకోలేని చోట."

"నాకు కూడానా?"

"నీకే చెప్పలేను. నేనెక్కడికీ వెళ్ళలేదు, ఒట్టు. అయినా వచ్చింది. వెళ్ళకుండా వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? నువ్వు నమ్మినా, నీకు అంటిస్తానేమోనని."

"చూపించండి."

చూపించారు. ఎర్రగా కందిపోయి, అక్కడక్కడ చర్మం లేచిపోయి ఉంది. ఏం చేశారని అడిగాను.

"కడిగాను. సబ్బుతో కడిగాను, తర్వాత ఆ మందు నీళ్ళల్లో కలిపి కడిగాను. కడిగేకొద్దీ ఎర్రబడుతోంది. అందుకని ఇంకాస్త గట్టిగా కడిగాను."

"అది మీ ఒళ్ళండీ. స్టీలు ట్యాంకు కాదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చొక్కా మార్చుకోమన్నాను. డాక్టరు దగ్గరికి రానని మొండికేశారు, నేను అంతకన్నా మొండిదాన్నని ఆయనకి తెలుసు గనక చివరికి కదిలారు.

డాక్టరు నన్ను బయట కూర్చోమంటే, ఉండనివ్వండి అన్నది ఆయనే. కానీ "ఏమిటి ఇబ్బంది?" అని అడిగితే, గోడ మీది గడియారం చూస్తారు, చెప్పులు చూసుకుంటారు. నాకు ఓపిక నశించింది.

"ట్యాంకు పాడైతే మీ ఇంజనీరుకి ఎలా చెప్తారో అలా చెప్పండి" అన్నాను.

ఆయన నిటారుగా కూర్చున్నారు. "పై చర్మం కింద తెల్లగా పడుతోంది సార్, విరిగిన పాల తరకల్లా. తుడిస్తే పోతుంది, మళ్ళీ పడుతుంది. కొన ఎర్రబడింది. దురద, ఒంటేలుకి వెళ్తే మంట. చర్మం వెనక్కి జరపాలంటే నొప్పి. సబ్బుతోనూ, మిషన్లు కడిగే మందుతోనూ కడిగాను, తగ్గలేదు."

"ఇంత బాగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు" అన్నాడు డాక్టరు. పరీక్ష చేసి, దూదిపుల్లతో కాస్త తీసి ల్యాబుకి పంపాడు. "ఈస్ట్ ఇన్ఫెక్షన్ లాగే ఉంది. ఆ ఈస్ట్ మామూలుగా అందరి ఒంటి మీదా కాస్తో కూస్తో ఉండేదే. అదను దొరికితే పెరుగుతుంది."

"అది ఆడవాళ్ళకే వస్తుందనుకున్నాను సార్."

"అలా అనుకునే చాలామంది దాచుకుంటారు. ఎక్కడికీ వెళ్ళకపోయినా వస్తుంది. సబ్బూ మందూ మానెయ్యండి, మీ కడుగుడే సగం పుండు చేసింది. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మెల్లగా తడి అద్దుకుని, ఈ క్రీము రోజుకి రెండుసార్లు రాయండి. దురద పోయిందని మధ్యలో ఆపొద్దు, రెండు వారాలూ రాయాలి. అది పూర్తిగా తగ్గేదాకా కలవకండి. మీకేమైనా దురద ఉందామ్మా?"

లేదన్నాను. వస్తే ఆలస్యం చేయకుండా రమ్మన్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "దాహం ఎక్కువగా ఉందా? రాత్రిళ్ళు లేస్తున్నారా?" అని అడిగాడు.

జవాబు నేను చెప్పాను. దిండు పక్కన పెద్ద సీసా నిండా నీళ్ళు పెట్టుకుంటారు, తెల్లారేసరికి చుక్క మిగలదు. ముందు గదిలో ఉక్కగా ఉంటుంది కాబోలు అనుకున్నాను.

డాక్టరు వేలి నుంచి రక్తం తీసి చూశాడు. "షుగరు బాగా ఎక్కువుంది. ఇంకో పరీక్ష చేసి ఖాయం చేసుకుందాం. షుగరు అదుపులోకి రాకపోతే ఆ ఈస్టూ మళ్ళీ మళ్ళీ వస్తుంది."

సోమవారం రైలెక్కి వెళ్ళిపోయి ఉంటే, ఎవరూ లేని గదిలో ఆ డబ్బా ముందు పెట్టుకుని, ఒంట్లో షుగరు పెరుగుతుంటే పైపైన కడుక్కుంటూ కూర్చునేవారు. నా మేలు కోసమే పోతున్నానని అనుకుంటూ. వరండాలోకి రాగానే ఫోను ఆయన చేతిలో పెట్టాను.

"మీ మేనేజరుకి చెప్పండి, వెళ్ళనని."

"కారణం అడిగితే?"

"ఒంట్లో బాగోలేదు, మా ఆవిడ పంపనంటోంది అనండి. రెండూ నిజాలే."

అదే చెప్పారు. చెప్పాక గోడకి ఆనుకుని నిలబడి, "నీకు అంటుతుందనే భయపడ్డానే" అన్నారు మెల్లగా.

"అంటితే నేనూ మందు రాసుకునేదాన్ని. మీరు లేకపోతే దానికి మందేదీ?"

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు మందులషాపు వైపు నడిచాను.

ఇంటికొచ్చి సంచీ ఖాళీ చేశాను. మందు డబ్బా తీసి గుమ్మం పక్కన పెట్టి, సోమవారం ఫ్యాక్టరీలో ఇచ్చెయ్యమన్నాను. రాత్రి పక్క దులుపుతుంటే గుమ్మంలో అలికిడయింది. చంకన దిండుతో నిలబడి ఉన్నారు, లోపలికి రావచ్చో లేదో తెలియని మనిషిలా.

"క్రీము రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

"చేతులు?"

"కడుక్కున్నాను" అని, ఒక్క క్షణం ఆగి, "ఒక్కసారే" అన్నారు.

నా దిండు పక్కకి జరిపి చోటిచ్చాను.