హిమశ్రీ ఫోల్డరు

హిమశ్రీ జొన్నపిండి కలుపుతుంటే బాల్కనీలోంచి మొగుడి గొంతు వినబడింది. శివకృష్ణ ఫోన్లో యజమానితో హిందీలో మాట్లాడుతున్నాడు. "ఆ రంగు సంగతి నేనే చూశాను దినేశ్ భాయ్. మూడు రోజులు కూర్చున్నాను."

కూర్చున్నదెవరు? ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. ఊళ్లో ఖటోదరా పేటలో ఉంది; చీరల ప్రింటింగ్ మిల్లులకు ప్రోగ్రాములు రాసిస్తారు. అత్తగారు వెంకటవ్వకు మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి హిమశ్రీ అమ్రోలి పేటలోని ఇంటినుంచే పని చేస్తోంది. మందులు, కాపడం, రెండు పూటలా రొట్టెలు, వాటి సందుల్లో ఉద్యోగం. "ఇంట్లనే ఉంటవు గద, నీకేం కష్టం?" అంటాడు మొగుడు. ఈ నెలాఖరుకు ఇంటినుంచి చేసేవాళ్లలో ఒకరిని తీసేస్తారట. "నీదే పోతే పోనియ్, అమ్మకు తోడుంటవు" అని నవ్వాడు మొన్న. ఆ నవ్వు ఆమెకు అప్పుడే నచ్చలేదు.

మిల్లువాళ్లు నెమలికంఠం రంగు పెడితే ప్రింటులో నల్లగా వస్తోంది. టీమంతా తమ ప్రోగ్రామునే అనుమానించింది. తప్పు అందులో లేదు, బయటివాళ్లు రాసిపెట్టింది టీము తెచ్చి వాడుకుంటున్న రంగుల కోడు లైబ్రరీలోనూ లేదు. ఆ లైబ్రరీ తన అవసరానికి ఇంకో చిన్న లైబ్రరీని వెంటేసుకొస్తుంది. ఎవరూ పిలవని ఆ చిన్నదానిలో ఉంది తప్పు. దాన్ని రాసినవాళ్లు ఎప్పటికి సరిచేస్తారో దేవుడికెరుక. అందుకని హిమశ్రీ దాని కోడు దించుకుని, తనే సరిచేసి, వాడుకోవడానికి వీలుగా తన లాప్‌టాప్‌లోనే బిల్డు చేసింది. సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను రాసింది: బయటినుంచి వచ్చేది వద్దు, హిమశ్రీ ఫోల్డర్లో ఉన్నది తీసుకో అని. నెమలికంఠం నిగనిగలాడుతూ వచ్చింది. దినేశ్ భాయ్‌కి తనే చూపించి ఉద్యోగం నిలబెట్టుకుందామనుకుంది. ఆ సంతోషంలో మొగుడికి చెప్పింది. చెప్పడమే పొరపాటు.

చేతులు కడుక్కుని లాప్‌టాప్ తెరిచింది. ఈమధ్య తెరిచిన ఫైళ్లలో ఆ సెట్టింగుల ఫైలే అన్నిటికన్నా పైన ఉంది. నిన్న సాయంత్రం ఆరు. ఆ వేళకు తను ఆస్పత్రిలో అత్తగారిచేత కసరత్తు చేయిస్తోంది. మరి నిన్న కరెంటు బిల్లు కట్టాలని మొగుడు తన పాస్‌వర్డ్ అడిగిందెందుకు? బిల్లు కట్టాడా అసలు? ఛీ, కట్టుకున్నవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తున్నానేమిటి అని సిగ్గుపడింది. ఆ సిగ్గు తనకెందుకో మాత్రం అర్థం కాలేదు. ఏమీ అడక్కుండా టిఫిన్ డబ్బా కట్టి పంపింది.

మధ్యాహ్నం, ఆ రంగు చూపించడానికి వెళ్లిన మిల్లునుంచి శివకృష్ణ ఫోను. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"హిమా, నీ ఫోల్డర్ జర పంపు. జల్ది."

"ఏ ఫోల్డర్?"

అతని వెనకనుంచి దినేశ్ భాయ్ విసుగు వినబడింది: "హిమశ్రీ ఫోల్డర్ దొరకలేదని వస్తోందేమిటయ్యా, తెరమీద?"

అప్పుడు అర్థమైంది ఆమెకు. మహానుభావుడు సెట్టింగుల ఫైలొక్కటే ఎత్తుకుపోయాడు. బాగుచేసిన సరుకంతా ఆమె లాప్‌టాప్‌లోనే ఉందన్న సంగతి తట్టలేదు. మిల్లు కంప్యూటరేమో పదిమంది ముందు ఆమె పేరు పెట్టి వెతుకుతోంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఇజ్జత్ పోతది హిమా. నేనే చేసిన అని చెప్పిన. పంపు, ఇంట్ల మాట్లాడుకుందాం."

"ఇంట్ల ఆర్నెల్లసంది నేనొక్కదాన్నే మాట్లాడుకుంటున్న."

ఫోను పెట్టేసి నేరుగా దినేశ్ భాయ్‌కి చేసింది. ఆ ఫోల్డర్ తనదని, తప్పు పట్టుకున్నదీ బాగుచేసిందీ తనేనని, ఇప్పుడే పంపుతున్నానని హిందీలో తొణకకుండా చెప్పింది. రేపటినుంచి ఆఫీసుకే వస్తానంది. ఆయన "రామ్మా" అన్నాడు.

"ఎవలే ఫోన్ల?" మంచం మీదినుంచి అడిగింది వెంకటవ్వ.

"ఆఫీసోళ్లు అత్తమ్మా. రేపట్సంది నేను పొద్దుగాలనే పోత. ఇంటికాడ కూసొని పని చేసుడు ఇగ మీ కొడుకు వంతు."