గాలికి ముందుగాల చెప్పాలె

నా రాతల తప్పులుంటయి, మన్నించున్రి. బిడ్డ దగ్గర పెద్దతనంల నేర్చుకున్న అక్షరాలు. ఒక్కొక్కటి కూడబలుక్కుంట రాస్తున్న, మీరు గూడ నిమ్మలంగ చదవున్రి.

నా బిడ్డ ప్రణీత హైదరాబాదుల విమానాల చదువు చదువుతది. పోయిన యేడు దసరా సెలవులకు కోరుట్లకు వచ్చింది. నేను చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంట అడిగిన, "గంత గాలిల విమానం ఎట్ల దూరుతదే?"

"బజార్ల బస్సు హారన్ కొడ్తె జనం జరుగుతరు గదమ్మా, గట్లనే. విమానం ముందటి గాలిని నెడ్తది. ఆ నెట్టుడు చప్పుడు ఉరికినంత జోరుగ ముందుకు పోయి, వస్తున్న జరుగున్రి అని చెప్తది. గాలి పక్కకు తప్పుకుంటది."

"మరి విమానమే చప్పుడంత జోరుగ పోతె?"

"కబురు, విమానం ఒక్కసారే వస్తయి. గాలికి జరిగే యాళ్ల దొరకది. ముందట కుప్పవడి గోడ లెక్క గట్టిగైతది. విమానం గా జోరు అందుకోకముందే రెక్క వీపు మీది గాలి ఇంకా జోరుగ ఉరుకుతది. గోడ ముందుగాల ఆడనే లేస్తది. రెక్కలు గజగజ వణుకుతయి."

"పాపం గాలి" అన్న.

"గాలికి పాపమేందమ్మా!" అని పక్కున నవ్వింది.

నేను నవ్వలె. ఈ ఇంట్ల నాకు ఏ ముచ్చటా ముందుగాల రాలె. నా పెనిమిటి నారాయణ దుబాయి పోతున్నడని టికెట్ వచ్చినంకనే తెలిసింది. ఆయన ఆడ సచ్చిపోయిన దినం ఇంటి నిండ మనుషులు. ఎందుకొచ్చిండ్రంటె "ఏం లేదు, ఊకె వచ్చినం" అన్నరు. నా పెనిమిటి అన్న, మా బావ గంగారాం "సత్తెవ్వా, అందరికి చాయ్ పెట్టు" అన్నడు. పెట్టిన. చక్కెర తక్కువైందని ఒకామె అంటె మల్ల ఏసిచ్చిన. నా మొగడు పోయిండని వచ్చినోళ్లకు నేనే చాయ్ పోసిన. గిన్నెలు గూడ కడిగినంక చెప్పిండ్రు. "ముందే చెప్తె నువ్వు ఆగమైతుంటివి" అన్నది తోడికోడలు.

సెలవులైనంక బిడ్డ కాలేజీకి పోయింది. ఒకనాడు బావ మల్ల చాయ్ పెట్టమన్నడు. ఇద్దరు కొత్తోళ్లు కూసున్నరు. పొయ్యికాడ నాకు వాళ్ల మాటలు ఇనవడుతున్నయి. పెండ్లి ఖాయం చేసుకునే ముచ్చట. "ఎల్లుండే వరపూజ. పిల్లకు చెప్తె రాదు. తల్లికి పానం బాగలేదని రేపు ఫోన్ చేస్త, ఉరికస్తది" అంటున్నడు బావ.

చాయ్ ఇచ్చుకుంట, "దానికి ఇంకా ఏడాది చదువుంది బావా" అన్న.

"చదివింది సాలు. అది ఫోన్ చేస్తె నువ్వు ఎత్తకు" అన్నడు, నా మొఖం గూడ చూడకుండ.

ఆయన ఇల్లు, ఆయన మాట. కప్పులు తీస్కపోయి కడిగిన.

తర్వాత పెరట్ల నిలవడి బిడ్డకు ఫోన్ చేసిన. వరపూజ సంగతి చెప్పిన. దాన్ని ఆపుడు నాతోని కాదని గూడ చెప్పిన.

"రేపు ఎవ్వలేం చెప్పినా నమ్మకు బిడ్డా. నా పానం మంచిగనే ఉన్నది."

సత్యవ్వ, నలభై తొమ్మిదేండ్లు. ఇప్పుడు ఉండేది సిరిసిల్లల, కిరాయి అర్రల.